ఆ తర్వాత అన్నం ఎట్టా తిన్నాడు?

మా ఊరి రామాలయం ముందు పందిట్లో హరికథ. ఆ రాత్రి ఏకలవ్యుడి ఘట్టం. హరిదాసు గారు చిడతలు ఆపి, కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచేత్తో కత్తి పట్టినట్టు చూపించి బొటనవేలి మీద ఒక్క వేటు వేశారు. హార్మోనియం ఆగింది. పందిరంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న మా చిన్నాన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. కండువా కొంగు కుడిచేతికి చుట్టుకుని అలాగే కూర్చున్నాడు. గడ్డి కోసే మిషన్‌లో ఆయన కుడి బొటనవేలు పోయి అప్పటికి రెండేళ్లు. కథ అయిపోయి ఇంటికి నడిచొస్తుంటే చీకట్లో అడిగాడు: "ఆ తర్వాత అన్నం ఎట్టా తిన్నాడంటావ్ రా?"

నాకు జవాబు తోచలేదు. అన్నం కలిపేది నాలుగు వేళ్లే. ముద్దను నోట్లోకి నెట్టేది మాత్రం బొటనవేలు. అది లేకపోతే ముద్ద వేళ్ల మీదే ఉండిపోతుంది, లేదంటే ఒళ్లో పడుతుంది. చిన్నాన్న మొదట్లో ఎడమచేత్తో స్పూను పట్టుకుని తిన్నాడు. ఎడమచేత్తో తినడం ఆయనకే రోత. పెళ్లిళ్లకు వెళ్లేవాడు, అక్షింతలు వేసేవాడు, బంతి వేసే వేళకు బయటికొచ్చేసేవాడు. బతుకు గడుస్తోందని చెప్పడానికి ఐదు వేళ్లూ నోట్లోకి వెళ్తున్నాయంటాం. ఆ మాటలో ఐదోది ఏ పని చేస్తుందో ఆయన్ని చూశాకే నాకు తెలిసింది.

ఆ ప్రశ్న పట్టుకునే ఇక్కడ రెండు కథలను పక్కపక్కన పెట్టి చదువుతున్నాను. ఒకటి వ్యాసుడి ఆదిపర్వంలోది, నన్నయ మనకు తెలుగు చేసి ఇచ్చినది. రెండోది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసిన కుర్రాడిది. అతని పేరు టోనీ అయోమీ. తర్వాత బ్లాక్ సాబత్ బృందానికి గిటారిస్టు అయ్యాడు, తన కథను 2011లో 'ఐరన్ మ్యాన్' పేరుతో తానే పుస్తకంగా చెప్పుకున్నాడు. ఇతిహాసాన్నీ రాక్ సంగీతకారుడి ఆత్మకథనీ ఒకే తక్కెడలో వెయ్యడమేమిటని అనిపించవచ్చు. తెగిన వేలు రెండింట్లోనూ ఉంది, తెగాక ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత రెండింటికీ ఉంది. నేను తూచేది ఆ ఒక్కదాన్నే.

మనకు అలవాటైన ఏకలవ్యుడి కథ వేలు తెగడంతో ముగుస్తుంది. చిన్నప్పటి పుస్తకాల్లో ఆఖరి బొమ్మ అదే. మోకరిల్లిన కుర్రాడు, ఆకులో వేలు, ఎదురుగా గడ్డం నిమురుకుంటున్న గురువు. అయోమీ కథ దీనికి తలకిందులు. పాటల పత్రికలు దాన్ని వేలు తెగడంతోనే మొదలుపెడతాయి. వేళ్లు పోయాయి, పోయాయి కాబట్టే కొత్త సంగీతం పుట్టింది అంటాయి. మొదటిదాంట్లో తెగడమే గొప్పతనం, రెండోదాంట్లో తెగడం ఓ శుభశకునం. ఈ రెండు చెప్పే తీరులూ నాకు నచ్చవు. గాయానికీ గొప్పతనానికీ మధ్య కట్లు మార్చిన రోజులుంటాయి, రాత్రిళ్లుంటాయి. రెండూ వాటిని దాటేస్తాయి.

అయితే మూలానికి వెళ్తే వ్యాసుడు మన హరికథల కన్నా చాలా జాగ్రత్తగా ఉన్నాడు. నిషాదరాజు హిరణ్యధనుస్సు కొడుకు ఏకలవ్యుడు. ద్రోణుడు శిష్యుడిగా చేర్చుకోనన్నాడు. మట్టితో ఆయన బొమ్మ చేసుకుని అడవిలో సాధన చేశాడు. మొరుగుతున్న కుక్క నోట్లో ఏడు బాణాలు నాటాడు. అర్జునుడు అది చూసి గురువు దగ్గర తన గోడు వెళ్లబోసుకున్నాడు. ద్రోణుడు వచ్చి కుడి బొటనవేలు అడిగాడు. ఏకలవ్యుడు ముఖం చిన్నబుచ్చుకోకుండా కోసి ఇచ్చాడు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఆ వెంటనే వ్యాసుడు ఒక శ్లోకం ఖర్చుపెట్టి ఇంకో సంగతి చెబుతాడు. ఏకలవ్యుడు మిగిలిన వేళ్లతో నారి లాగి బాణం వేశాడట, కానీ మునుపటి వేగం లేదట.

హరికథల్లో రాలిపోయిన ఆ ఒక్క శ్లోకం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందులో ఏకలవ్యుడు ఏడవడు, శపించడు. వెంటనే విల్లు తీసుకుని చూసుకుంటాడు, ఇప్పుడు ఎంత వస్తుందో! వేలు పోయినవాళ్లందరూ చేసే మొదటి పని ఇదే. కట్టు విప్పిన రోజు చిన్నాన్న గడ్డపార పట్టుకుని చూశాడు, పిన్ని వద్దంటున్నా వినలేదు. పైగా వ్యాసుడి మాట విలువిద్య తెలిసినవాడి మాట. నారి లాగడానికి రెండు పద్ధతులున్నాయి. బొటనవేలితో కొక్కెంలా పట్టి లాగడం ఒకటి. ఆసియాలో చాలాచోట్ల నడిచింది అదే, అందుకోసం బొటనవేలికి ఉంగరం కూడా తొడుక్కునేవారు. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లతో లాగడం రెండోది. ఈనాటి ఒలింపిక్ విలుకాళ్లలో ఎక్కువమంది లాగేది అలాగే. అంటే బొటనవేలు లేకుండా బాణం వెయ్యడం అసాధ్యం కాదు. చేతికి పట్టుబడిన పద్ధతిని వదిలి ఇంకోదానికి మారడమే కష్టం. విద్య పోయిందని వ్యాసుడు రాయలేదు, వేగం తగ్గిందన్నాడు. ఆ తేడా తెలిసి రాశాడు కాబట్టే ఆయన మాట నమ్ముతాను.

కానీ అదే చోట ఆయన తప్పూ కనిపిస్తుంది. ఏకలవ్యుడి వేగం తగ్గాక అర్జునుడి మనసు కుదుటపడిందని, అతని జ్వరం వదిలిందని చెబుతాడు. ఆ జ్వరం మనోవ్యథ. నిజంగా జ్వరం వచ్చి ఉండాల్సింది ఎవరికి? కోసుకున్న గాయం మీద అడవిలో ఏ ఆకు పసరు కట్టారో, ఎన్నాళ్లు సలిపిందో, మొదలు ఎండి చర్మం మూసుకోవడానికి ఎంతకాలం పట్టిందో ఒక్క ముక్క లేదు. రాజకుమారుడి మనోవ్యథకు చోటు దొరికింది, నిషాద కుర్రాడి చెయ్యి సలుపుకు దొరకలేదు. ద్రోణుడు అడగడం న్యాయమా అని మనం తరతరాలుగా వాదించుకున్నాం. 2011 జనవరిలో, ఒక భిల్లు మహిళపై జరిగిన దౌర్జన్యం కేసులో సుప్రీంకోర్టు కూడా తీర్పులో ఈ కథ ఎత్తి, చదువు చెప్పని గురువుకు దక్షిణ అడిగే హక్కెక్కడిదని ద్రోణుణ్ణి తప్పుపట్టింది. ఆ వాదన అవసరమే. కానీ దాంట్లో కూడా మనం ద్రోణుడి గురించే మాట్లాడుతున్నాం.

ఏకలవ్యుడు ఆ తర్వాతా బతికాడు. ధర్మరాజు రాజసూయంలో, కృష్ణుడికి అగ్రపూజ ఎందుకని శిశుపాలుడు రాజులను వరసపెట్టి చెప్పేటప్పుడు ఏకలవ్యుడి పేరూ చెబుతాడు. అంటే వేలు లేని ఆ చెయ్యి రాజుల సభకు వచ్చింది. ద్రోణపర్వంలో కృష్ణుడు అర్జునుడితో, ఏకలవ్యుణ్ణి నీ కోసమే చంపానంటాడు, అతనికి బొటనవేలు ఉండి ఉంటే దేవతలకు కూడా లొంగేవాడు కాదంటాడు. ఇన్నేళ్ల జీవితాన్ని మహాభారతం మూడు నాలుగు చోట్ల ఒక్కొక్క మాటగా విదిల్చింది. మన కథకులు ఆ మాటలనూ ఏరుకోలేదు. చిన్నాన్న అడిగింది ఆ ఖాళీ గురించే.

ఇప్పుడు అయోమీ. 1965, అతనికి పదిహేడేళ్లు. ఫ్యాక్టరీలో ఆఖరి రోజు, మర్నాటి నుంచి బృందంతో పాటలకు వెళ్లాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనన్నాడు. తల్లి ఒప్పుకోలేదు, మొదలుపెట్టిన పని ముగించి రమ్మంది. అతను వెల్డింగ్ చేసేవాడు. ఆ రోజు ప్రెస్సు మీద పనిచేసే మనిషి రాకపోవడంతో అతన్ని అక్కడ పెట్టారు. రేకు లోపలికి తోస్తుంటే ప్రెస్సు కుడిచేతి మీద పడింది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు, మధ్యవేలి కొస, ఉంగరం వేలి కొస లోపలే ఉండిపోయాయి. అయోమీ ఎడమచేతి వాటం మనిషి. అతనికి తీగలు నొక్కే చెయ్యి కుడిదే.

ఆ వేలి ముక్కలను తర్వాత ఎవరో అగ్గిపెట్టెలో పెట్టి ఆసుపత్రికి తెచ్చారట. అప్పటికే నల్లబడిపోయాయి, అతికించడానికి పనికిరాలేదు. చేతి మీది చర్మం తీసి కొసలకు కప్పారు. పుస్తకంలో ఈ అగ్గిపెట్టె దగ్గరికి వచ్చేసరికి నేను మూసి పక్కన పెట్టాను. మా ఇంట్లో అది స్టీలు గ్లాసు. చిన్నాన్న వేలిని మేం గ్లాసులో వేసి, పక్కింటి ఫ్రిజ్‌లోంచి తెచ్చిన ఐసు ముక్కలు దాని మీద పోసి, ఎంతో తెలివైన పని చేశామనుకుంటూ ఆటోలో పట్టుకెళ్లాం. అది చెయ్యకూడని పని. తెగిన వేలు ఐసుకు నేరుగా తగిలితే కణాలు గడ్డకట్టి చస్తాయి, నీళ్లలో నానినా పాడవుతుంది. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టాలి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించాలి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో ఉంచాలి. వేలికి ఐసు తగలకూడదు, చల్లదనం తగలాలి. వేలిలో కండరం లేదు కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది. బయట ఆరు నుంచి పన్నెండు గంటలు, చల్లగా ఉంచితే ఒక రోజు దాకా కూడా ఆశ ఉంటుంది. ఇది మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. విమర్శ వ్యాసంలో ఈ ముక్క ఎందుకంటే, చదివినవాళ్లలో ఒక్కరికి గుర్తున్నా చాలని.

అయోమీ వేళ్లు తెగిన ఆ 1965లోనే, జులైలో, జపాన్‌లోని నారాలో కొమత్సు, తమాయ్ అనే ఇద్దరు వైద్యులు పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలు కుట్టి మళ్లీ బతికించారు. 1968లో దాన్ని ప్రకటించారు. ప్రపంచంలో అలా అతుక్కున్న మొదటి వేలు అదే. వేలిలోని ధమని ఇంచుమించు ఒక మిల్లీమీటరు. కొస దగ్గరికి వచ్చేసరికి ఇంకా సన్నం. దాన్ని కుట్టే దారం వెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది. అతికించాక వేలిలోకి వచ్చిన రక్తం వెనక్కి వెళ్లే దారి లేక నల్లబడితే ఈనాటికీ జలగలు పెడతారు.

అతికించడం ఎప్పుడూ మేలేనా అంటే కాదు. బొటనవేలయితే, లేక ఒకేసారి రెండు మూడు వేళ్లు పోతే, లేక చిన్నపిల్లలయితే వైద్యులు చివరిదాకా పోరాడతారు. పెద్దవాళ్లలో మొదలుకు దగ్గరగా తెగిన ఒంటి చూపుడువేలును అతికిస్తే అది చాలాసార్లు కర్రలా బిగుసుకుపోయి మిగతా వేళ్లకు అడ్డం వస్తుంది. అందుకే కొందరికి ఎముక కొస సరిచేసి చర్మం మూసేయడమే మంచిది. కొన్ని వారాల్లో పనికి వెళ్లొచ్చు. అతికించుకుంటే నెలల తరబడి వ్యాయామం, మళ్లీ ఆపరేషన్లు. పాలు పితికి రోజు గడుపుకునేవాడికీ జీతం ఆగని ఉద్యోగికీ ఈ లెక్క ఒకటి కాదు. చిన్నాన్నకు కాలి వేలు తీసి బొటనవేలి చోట పెట్టొచ్చని కూడా చెప్పారు. అలాంటి శస్త్రచికిత్స 1960ల నుంచీ ఉంది. ఆయన వద్దన్నాడు. బురదలో, గట్ల మీద నడిచే కాలు అది, దాన్ని కదిలించనన్నాడు. అప్పుడు మేం మొండితనమనుకున్నాం. ఇప్పుడు అనుకోను.

కాలు వదులుకోనన్న ఇంకో మనిషి ఈ కథలోకి వస్తాడు. కట్లతో ఇంట్లో కూర్చుని ఇక గిటారు లేదనుకుంటున్న అయోమీ దగ్గరికి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ వచ్చి ఒక గ్రామఫోన్ రికార్డు ఇచ్చాడు. వినాలని లేదన్నాడు కుర్రాడు. విన్నాక చెప్పాడు ఫోర్‌మన్, ఈ వాయించేవాడు రెండు వేళ్లతోనే వాయిస్తున్నాడని. అతను జాంగో రైన్‌హార్ట్. 1910లో బెల్జియంలో జిప్సీ కుటుంబంలో పుట్టాడు. 1928 నవంబరులో అతని బండికి నిప్పంటుకుంది. భార్య అమ్మకానికి చేసిన సెల్యులాయిడ్ పూలు భగ్గుమన్నాయి. ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెనవేలు ముడుచుకుపోయాయి. వైద్యులు ఒక కాలు తీసేయాలన్నారు, ఒప్పుకోలేదు. పడక మీదే కొత్త దారి వెతుక్కున్నాడు. చూపుడువేలూ మధ్యవేలూ తీగ పొడవునా పరిగెడతాయి, ముడుచుకున్న రెండూ అవసరమైనచోట తీగ మీద ఆనుతాయి. 1934కల్లా పారిస్‌లో స్టెఫాన్ గ్రాపెల్లీతో కలిసి, హాట్ క్లబ్ పేరు మీద నడిచిన తీగవాద్యాల బృందంలో వాయిస్తున్నాడు.

ఏకలవ్యుడికీ జాంగోకూ ఉన్న పోలిక అయోమీతో లేదు. మొదటి ఇద్దరూ చేతి నడక మార్చుకున్నారు, వాద్యం ముట్టుకోలేదు, విల్లు ముట్టుకోలేదు. అయోమీ ఇటు వేలినీ అటు వాద్యాన్నీ మార్చాడు. గిన్నెలు తోమే ద్రవం వచ్చే ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండ చేశాడు. కాలిన సోల్డరింగ్ కడ్డీతో దాంట్లో వేలు పట్టేంత బొక్క పెట్టాడు. ఉప్పుకాగితంతో గంటల కొద్దీ రుద్ది దర్జీ తొడుక్కునే అంగుస్తానంలా తెచ్చాడు. ప్లాస్టిక్ తీగ మీద జారుతుంటే పాత తోలుజాకెట్టు ముక్క కోసి అంటించి, అది తీగను పట్టేదాకా అరగదీశాడు. మామూలు తీగలు వంగకపోతే బాంజో తీగలు వేసి చూశాడు. తర్వాత్తర్వాత తీగల బిగువు తగ్గించి శ్రుతి దించాడు. 1970లో వచ్చిన మొదటి ఆల్బమ్, 1971 నాటికి కిందికి దిగిన ఆ బరువైన నాదం విన్నవాళ్లకు తెలుసు.

వేళ్లు తెగడం వల్లే ఆ సంగీతం పుట్టిందన్న మాటను ఇక్కడే నేను కాదంటాను. వేళ్లు తెగినవాళ్లు బర్మింగ్‌హామ్‌లో ఎందరో ఉండి ఉంటారు. ఉప్పుకాగితం పట్టుకుని కూర్చున్నది ఇతను. తెగడానికి ఘనత ఇస్తే ఆ గంటలను ఎవరి ఖాతాలో వేస్తాం? అయోమీ స్వయంగా ఆ మాట అనడు. ఆ తొడుగుల కింద తనకు తీగ తెలియదని, చెవి మీదే ఆధారపడాల్సి వస్తుందని చెబుతాడు. వ్యాసుడి 'మునుపటి వేగం లేదు' అన్న మాటా, అయోమీ 'తీగ తెలియదు' అన్న మాటా ఒకే జాతివి. రెండూ పోయినదాన్ని కొలిచి చెబుతాయి. తేడా ఒక్కటే, ఒకదాన్ని పైనుంచి చూసిన కవి చెప్పాడు, రెండోదాన్ని ఆ వేలి మనిషే చెప్పాడు. కాబట్టే అయోమీ పుస్తకంలో అగ్గిపెట్టె ఉంది, జిగురు ఉంది. ఏకలవ్యుడు తన కథ తాను చెప్పుకుని ఉంటే అందులో అన్నం ముద్ద ఉండేది.

పోయినదాన్ని కొలిచే పుస్తకం ఇంకొకటుంది, 2025 దాకా అమల్లో ఉన్న మన దేశపు 1923 నాటి పరిహార చట్టం. దాని షెడ్యూలులో ప్రతి వేలికీ లెక్క రాసి ఉంది. బొటనవేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం. చూపుడువేలు 14, మధ్యవేలు 12, ఉంగరం వేలు గానీ చిటికెనవేలు గానీ 7. ఎముక పోకుండా కొస మాత్రం తెగితే మధ్యవేలికి 4, ఉంగరం వేలికి 2. కార్మికుడికి ఈ పట్టిక అవసరం. దాన్ని తక్కువ చెయ్యను, అది లేని రోజుల్లో చేతిలో ఏమీ పడేది కాదు. కానీ గిటారు వాయించేవాడి వేలికొసా, మూటలు మోసేవాడి వేలికొసా దానికి ఒకటే. చేతి శస్త్రవైద్యులు చేతి పనిలో దాదాపు 40 శాతం బొటనవేలిదే అంటారు, ఎందుకంటే మిగతా నాలుగింటికీ ఎదురు నిలబడేది అదొక్కటే. ద్రోణుడికి ఈ లెక్క ఏ చట్టమూ చెప్పకుండానే తెలుసు. బెంగాల్లో ఈస్టిండియా కంపెనీ మనుషుల బలవంతం భరించలేక పట్టునూలు తీసేవాళ్లు తమ బొటనవేళ్లు తామే కోసుకున్న సందర్భాలున్నాయని విలియం బోల్ట్స్ 1772లో రాశాడు. పని అడిగేవాడు చూసే వేలూ, పని తప్పించుకోవాలనుకున్నవాడు కోసుకునే వేలూ అదే.

చట్టానికి, ఇతిహాసానికి, ఆత్మకథకు కూడా అందని సంగతులు మా ఇంట్లో చూశాను. లేని వేలు రాత్రిళ్లు దురద పెడుతుంది. చిన్నాన్న నిద్రలో ఎడమచేత్తో గాలిని గోకుతాడు. తెగిన నరం కొస గడ్డకట్టినచోట తలుపు గడియ తగిలితే మోచేతి దాకా కరెంటు కొట్టినట్టుంటుంది. సంక్రాంతి చలికి మొదలు నీలంగా మారుతుంది, ఆ నెలంతా ఉన్ని తొడుగు. రేషన్ దుకాణంలో మిషన్ ముందు నిలబడి ఆయన కుడిచెయ్యి ముందుకు చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకుని, ఎడమది పెడతాడు. చొక్కా పైబొత్తం పిన్ని పెడుతుంది. ఇందులో చప్పట్లు కొట్టడానికేమీ లేదు.

మొన్న వేసవిలో వెళ్లినప్పుడు వరండాలో కూర్చుని అయోమీ తొడుగుల సంగతి ఆయనకు చెప్పాను. సీసా కరిగించడం, బొక్క పెట్టడం, తోలు అంటించడం, అన్నీ. పెద్ద పెద్ద సభల్లో వేలమంది ముందు వాయించాడని కూడా చెప్పాను. ఆ మాట ఆయన చెవిలో పడలేదు. కంచంలో పప్పన్నం కలుపుతున్నాడు. ఇప్పుడు ఆయన ముద్దను చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి, మణికట్టు తిప్పి, తల కొంచెం ముందుకు వంచి అందుకుంటాడు. గింజ కింద పడదు. పెళ్లిబంతిలోనూ కూర్చుంటున్నాడు.

"చెమట పడితే ఆ తోలు జారదా?" అని అడిగాడు.

"జారుతుందట చిన్నాన్నా. ముందు వేలికి ప్లాస్టరు చుట్టి, దాని మీద జిగురు చుక్క వేసి తొడుక్కుంటాడట."

"ఏం జిగురు?"

చెప్పాను. చెయ్యి కడుక్కుని వచ్చి, పాత చెప్పుల సంచి ఎక్కడుందని పిన్నిని కేకేశాడు.